అడుగులు లెక్కపెట్టే అందె

చంద్రకూటం అనే రాజ్యంలో ఒక వింత మర్యాద ఉండేది. రాజకుటుంబంలో పుట్టినవాళ్లెవరూ నేల మీద కాలు పెట్టకూడదు. పడకగది నుంచి భోజనశాలకు వెళ్లాలన్నా పల్లకీయే, ఎదురుగా కనిపించే పూలమొక్క దగ్గరికి వెళ్లాలన్నా పల్లకీయే! అరికాలి కింద మట్టి ఎలా ఉంటుందో మహారాజు మకరకేతుడు ఎరగనే ఎరగడు. అదేదో ఘనకార్యమైనట్టు మీసం కూడా మెలేసేవాడు.

ఆ రాజుగారి కూతురు కువలయకు పన్నెండేళ్లు. ఒకనాటి ఉదయం ఆమెకు కాలివేళ్లు చల్లగా, బరువుగా తోచాయి. దుప్పటి తీసి చూసుకుంటే ఇంకేముంది? పది వేళ్లూ నల్లరాయి! కెవ్వున అరిచింది. వైద్యులు నూనెలు రాశారు, లేపనాలు పూశారు. రాయి కరగలేదు సరికదా, మరునాటికి పాదం సగం దాకా పాకింది.

అప్పుడు వచ్చాడు ఒక సంచారముని. ఆయన ఒకచోట నిలిచే మనిషి కాదు. ఆసనం చూపించినా కూర్చోకుండా సభ చుట్టూ తిరుగుతూనే మాట్లాడాడు. ఆయన వైపు మెడ తిప్పలేక రాజుగారికి ప్రాణం మీదికి వచ్చింది.

"ఏడు తరాలుగా మీ పాదాలు నేలను తాకలేదు. కదలనివన్నీ రాళ్లేననుకుని భూదేవి మిమ్మల్ని రాళ్లలో కలుపుకుంటోంది" అంటూ ముని జోలెలోంచి ఒక వెండి అందె తీశాడు. దానికి ఐదు తెల్లని ముత్యాలున్నాయి. "ఇది అడుగులు లెక్కపెట్టే అందె. పదివేల అడుగులకు ఒక ముత్యం ఎర్రబడుతుంది. రాకుమారి నల్లకొండకు నడిచి వెళ్లి, శిఖరం మీది మట్టి పాదాలకు పూసుకుని, మళ్లీ నడిచి వచ్చి కోట గుమ్మం దాటాలి. అప్పటికి ఐదు ముత్యాలూ ఎర్రగా ఉండాలి. పున్నమి చంద్రుడు పూర్తిగా పైకి వచ్చేలోగా ఇది జరగకపోతే రాయి గుండె దాకా పోతుంది. దారిలో ఎవరైనా మోశారో, ఒక ముత్యం తెల్లబడిపోతుంది. జాగ్రత్త!"

మంత్రిగారి బుర్ర ఊరుకుంటుందా? "పసిపిల్ల కందిపోతుంది ప్రభూ. కావలసింది అడుగులే కదా!" అని అందెను పట్టపు గుర్రం కాలికి కట్టించాడు. సాయంత్రానికల్లా ముత్యాలన్నీ ఎర్రబడ్డాయి. సభంతా చప్పట్లు! తీరా ఆ అందెను కువలయ కాలికి తొడిగారో లేదో, ముత్యాలన్నీ తెల్లగా పాలిపోయాయి. రాయి చీలమండ ఎక్కింది. బాగుపడింది గుర్రం ఒక్కటే. ఎక్కడలేని బలం వచ్చి కోటగోడ దూకి పారిపోయింది.

కువలయ కన్నీళ్లు తుడుచుకుంది. "నేనే నడుస్తాను నాన్నగారూ" అంది.

తోడుగా సింగన్న బయలుదేరాడు. ఆమె పల్లకీ మోసే నలుగురు బోయీల్లో పెద్దవాడు. ఆమె పొత్తిళ్లలో ఉన్ననాటి నుంచి మోస్తున్నవాడు.

కోట దాటి నాలుగడుగులు వేసేసరికే కువలయ దబ్బున కూలబడింది. సింగన్న చేతులు చప్పున ముందుకు చాచి, వెంటనే వెనక్కి తీసుకున్నాడు.

"రాతికాళ్లు లేవడం లేదు తాతా!"

"బరువును తల్చుకుంటే ఇంకా బరువెక్కుద్ది తల్లీ. పల్లకీ మోసేటప్పుడు మేం పాడతామే, ఆ పాట అందుకో. ఓహోం... ఓహోం..."

ఓహోం అని ఒక అడుగు, ఓహోం అని ఇంకో అడుగు. మర్నాటికి మొదటి ముత్యం ఎర్రబడింది. ఇక కువలయ సంబరం చూడాలి! పది అడుగులకొకసారి వంగి అందె చూసుకునేది.

"దాన్నే చూస్తా ఉంటే దారిలో ముళ్లెవరు చూస్తారమ్మా?" అని సింగన్న నవ్వేవాడు.

అడవి మధ్య ఏటి ఒడ్డున ఏనుగంత హంస ఎదురైంది. "రా పిల్లా, నా వీపెక్కు! రెప్పపాటులో కొండ మీద దింపుతాను" అంది.

"దణ్ణం తల్లీ! నాకు కావలసింది రెక్కలు కాదు, కాళ్లు. ఏరు ఎక్కడ లోతు తక్కువో చెప్పు చాలు" అంది కువలయ. ఆ మాట హంసకు ముచ్చటేసింది. మోకాలి లోతున్న రేవు చూపించింది.

కొండ మొదట్లో దూది రక్కసి ఇల్లుంది. ఇంటినిండా మెత్తటి పరుపులు, వాటి మీద కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే రాళ్లైపోయిన బాటసారులు. "అలిసిపోయావే బంగారూ! కాసేపు నడుం వాల్చు" అంది రక్కసి తియ్యగా. నిజం చెప్పొద్దూ, కువలయ ప్రాణం ఆ పరుపు మీదికే లాగింది. అయినా తమాయించుకుంది.

"అలాగే అత్తా! ముందు నువ్వు లేచి పరుపు దులిపిపెట్టు."

"నేను లేవడమా! నేను లేచి వందేళ్లయిందే!" రక్కసి అటు దొర్లింది, ఇటు దొర్లింది, లేవలేకపోయింది. ఈలోగా వీళ్లిద్దరూ కొండెక్కేశారు.

శిఖరం మీది మట్టి పూసుకోగానే రాతికాళ్లు కాస్త తేలికపడ్డాయి. తిరుగుదారిలో పున్నమినాటి ఉదయానికి ఐదో ముత్యం కూడా ఎర్రబడింది. ఇక ఇల్లు చేరడమే తరువాయి. అంతలో ఎండ దెబ్బకు కువలయ సొమ్మసిల్లింది. సింగన్న ఆగలేకపోయాడు. ఆమెను ఎత్తి భుజాన వేసుకుని నీడకు పరుగెత్తాడు. రాయి తట్టుకుని పడ్డాడు. మడమ బెణికింది. కువలయ కళ్లు తెరిచేసరికి ఒక ముత్యం తెల్లగా ఉంది.

"ఎందుకు ఎత్తుకున్నావు తాతా! ఎందుకు?" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

సింగన్న తలవంచుకున్నాడు. "పన్నెండేళ్లు నిన్ను మోసిన భుజం తల్లీ. నువ్వు పడిపోతే ఊరికే చూడటం దానికి చేతకాలేదు. నన్నొదిలేసి నువ్వు పో."

కువలయకు కోపం ఎటు పోయిందో తెలియదు. "నిన్నొదిలేసి ఎక్కడికి పోతాను? లే. నా భుజం పట్టుకో. ఓహోం..."

పొద్దు వాలే వేళకు పొలిమేర చేరారు. అక్కడ రాజుగారు తన పల్లకీలో కాచుకుని ఉన్నాడు. పక్కనే కువలయ పల్లకీ ఖాళీగా ఉంది. దానికి బోయీలు ముగ్గురే. నాలుగోవాడు సింగన్నే కదా!

"ఎక్కమ్మా!" అనబోయి రాజు నాలుక్కరుచుకున్నాడు.

"తాత ఎక్కుతాడు" అంది కువలయ. వద్దు వద్దంటున్నా వినకుండా సింగన్నను పల్లకీలో కూర్చోబెట్టింది. సింగన్న మోసే నాలుగో కొమ్ముకు తన భుజం ఆనించింది. "ఓహోం!"

లోపల ముసలాయన మొహం కప్పుకుని ఏడుస్తున్నాడు. రాజు అది చూశాడు. రాతికాళ్ల కూతురు బరువు మోస్తుంటే తాను ఎలా కూర్చోగలడు? ఏడు తరాల మర్యాదను పక్కనబెట్టి పల్లకీ దిగాడు. అరికాలికి మట్టి చక్కిలిగింతలు పెట్టింది. కెవ్వుమని అరిచి, వెంటనే నవ్వి, కూతురి భుజం పక్కనే తన భుజం ఆనించాడు.

కోట గుమ్మం చేరేసరికి తూర్పున చంద్రుడి అంచు కనిపించింది. తెల్లబడిన ముత్యం మెల్లగా ఎర్రబడుతూ వచ్చినా, చివర ఇంకా సన్నటి తెల్లచార మిగిలింది. కువలయ పళ్లు బిగించి గుమ్మం అవతల అడుగు వేసింది. ఆ చార ఎర్రబడింది. కోడిగుడ్డు పెంకులా రాయి చిట్లి రాలింది. దాని లోపలి నుంచి దుమ్ముకొట్టుకున్న, బొబ్బలెక్కిన, బంగారంలాంటి పాదాలు బయటపడ్డాయి!

సింగన్న కాలు నయమయ్యేదాకా కువలయ రోజూ అతని పల్లకీకి ఒక కొమ్ము పట్టింది. పెద్దయ్యాక ఆమే రాణి అయింది. ఆ రాజ్యంలో పల్లకీలు ముసలివాళ్లకూ, జబ్బుపడ్డవాళ్లకూ మాత్రమే పరిమితమయ్యాయి. మకరకేతుడు అందె కట్టుకుని ఊరంతా తిరుగుతూ, కనబడ్డవాడికల్లా కాలెత్తి ముత్యాలు చూపించేవాడు. మంత్రిగారు మాత్రం ఆ గుర్రాన్ని వెతుక్కుంటూ ఊళ్ల వెంట నడుస్తూనే ఉన్నాడు. పొట్ట తగ్గి, మనిషి భేషుగ్గా ఉన్నాడట!