చివర పెట్టని సున్నా

"సరిగ్గా పన్నెండింటికి తాగునీటి పైపుల్లోకి ఊరంతా ఆసుపత్రి పాలయ్యేంత క్లోరిన్ వదులుతారు. వాల్వులు చేత్తో కదలవు. పాస్‌వర్డ్ ఒక్కటే దారి, అదీ ఒక్కసారే కొట్టనిస్తుంది," అంటూ చీఫ్ ఒక ఫొటో బల్లమీదికి తోశాడు. "విదేశీ ముఠాకి ప్రోగ్రాం రాసిచ్చింది వీడే. పరారీలో ఉన్నాడు."

ఏజెంట్ డేగ ఫొటో చేతిలోకి తీసుకున్నాడు. ఫొటోలో ఉన్నది సొంత బావ. అక్క, మేనకోడలు ఈ ఊళ్లోనే ఉన్నారు. పెళ్లాంబిడ్డలు తాగే నీళ్లలోనే విషం కలపడానికి వాడికి చేతులెలా వచ్చాయో!

ఏసీ మెకానిక్ వేషంలో డేగ వాటర్ ప్లాంట్ కంట్రోల్ రూంలో అడుగుపెట్టేసరికి పదకొండూ యాభై ఐదు. ముఠాలో మన మనిషిగా తిరిగే నెమలి అప్పటికే అక్కడుంది. నల్ల కళ్లద్దాలు, గదంతా వెగటు పుట్టించే సెంటు. పాస్‌వర్డ్ 'ఆరెంజ్' అనీ, వెంటనే కొట్టమనీ తొందరపెట్టింది.

డేగ కీబోర్డు ముట్టలేదు. స్క్రీన్ మీద 'పాస్‌వర్డ్ ఇవ్వండి బుజ్జమ్మ' అని వెలుగుతోంది. ముద్దుగా పిలుస్తోంది కాబోలనుకుని ఆపరేటర్లు వారం రోజులుగా నవ్వుకుంటున్నారట.

డేగ ఒకప్పుడు అసెంబ్లీ లాంగ్వేజ్‌లో కోడ్ రాసినవాడే. అందులో వాక్యాన్ని అక్షరం పక్కన అక్షరంగా మెమరీలో పేర్చి, అయిపోయిందని చెప్పడానికి చివర ఒక సున్నా పెట్టాలి. అది మరిచిపోతే మెషిన్ ఆగదు, పక్కన దాచినదాన్ని కూడా చదివేస్తుంది. బావ సున్నా మరిచాడు. పక్కనే పాస్‌వర్డ్ దాచాడు. బుజ్జమ్మంటే వాడి కూతురి ముద్దుపేరు. డేగకి ఒళ్లంతా చీదర పుట్టింది.

"ఆరెంజ్ అని నీకెవరు చెప్పారు?"

"మీ బావే."

"మా బావకి అబద్ధమాడ్డం వచ్చు. మెషిన్‌కి రాదు."

నెమలి చేతిలోని లిప్‌స్టిక్ పిస్టల్‌గా మారింది. అది పేలేలోపే డేగ సంచిలోని ఏసీ గ్యాస్ డబ్బా తీసి ఆమె ముఖాన కొట్టాడు. గుండు గోడలో దిగింది. ఆమె దగ్గుతూ కూలబడింది. డేగ బుజ్జమ్మ అని కొట్టి ఎంటర్ నొక్కాడు. గడియారంలో ఇంకా రెండు సెకన్లే ఉన్నాయి. వాల్వులు కదల్లేదు.

గంట తర్వాత బావ ఎయిర్‌పోర్టులో దొరికాడు. భార్య ఎలా ఉందని గానీ, కూతురు ఏమైందని గానీ అడగలేదు.

"పాస్‌వర్డ్ నీకెలా తెలిసింది?" అన్నాడు.

"చివర సున్నా పెట్టలేదు బావా."

బావ ముఖం కందగడ్డయింది. "ఛ, ఇంత చిన్న పొరపాటా? నలుగురికి తెలిస్తే నా పరువేం కాను?" అన్నాడు.

ఆ రోజు మొత్తమ్మీద వాడు సిగ్గుపడింది ఆ ఒక్కదానికే.