ఆఫ్ చేసినా పిలిచే ఫోను

ఐదు కావడానికి పది నిమిషాలుండగా ఇనప పెట్టెలోంచి ఓబుళేసు పిలిచాడు.

"నాయనా, లెయ్. కరెంటొచ్చే టైమాయ."

తిప్పమ్మ అప్పటికే లేచి కూర్చుని ఉంది. పెట్టె మూత తీసి, కొడుకు చొక్కాలో చుట్టి ఉన్న ఫోనును బయటికి తీసింది. చిన్న తెర వెలుగు కింది నుంచి ఆమె ముఖం మీద పడింది. బటన్ నొక్కింది. గొంతు ఆగింది. ఫోను మళ్లీ నల్లబడిపోయింది.

ఓబుళేసు చనిపోయి ఐదు నెలలైంది. కళ్యాణదుర్గం నుంచి వస్తున్న షేర్ ఆటో కల్వర్టు దగ్గర బోల్తా పడింది. అతని జేబులో ఉన్న ఫోనుకు ఒక మూల గీత పడింది, అంతే. దాన్ని తిప్పమ్మ ఎప్పుడూ ఆఫ్ చేసే ఉంచుతుంది. ఆఫ్ చేసిన ఫోను పొద్దున్నే పిలుస్తుందంటే ఊళ్లో మొదట ఎవరూ నమ్మలేదు. ఒకరోజు పొరుగింటి గంగప్ప భార్య మజ్జిగ కోసం చీకటితోనే వచ్చి ఆ పిలుపు విన్నది. ఆ తర్వాత తెల్లవారకముందు ఆమె ఆ గడప తొక్కలేదు.

"పద్మా, లెయ్యే. వాడు పిలిచిపాయ."

కోడలు పద్మజ లేచి కొంగు బిగించుకుంది. మామ ఈశ్వరప్ప గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పిలిచింది ఆయననే. కొడుకు పోయిన నాటినుంచి ఆయన ఆ పిలుపుకు లేవలేదు.

పద్మజ టార్చి పట్టుకుని ఒంటరిగా బోరు దగ్గరికి నడిచింది. మూడు ఫేజుల కరెంటు వచ్చిన కాసేపట్లో మోటరు వేయకపోతే చీనీ తోటలో బత్తాయి చెట్లకు ఆ రోజు తడి అందదు. స్టార్టరు పెట్టె ఉన్న చోటికి వెళ్లాలంటే చెట్ల మధ్యనుంచే వెళ్లాలి. ఆ దారిలో ఆమె వెనక్కి తిరిగి చూడదు. ఇంట్లో విన్న గొంతు తనతోపాటే వస్తున్నట్టు ఉంటుంది. మోటరు హోరెత్తాక గానీ ఆమె ఊపిరి పూర్తిగా పీల్చుకోదు.

తెల్లవారాక రొట్టెలు కాలుస్తూ పద్మజ నోరు తెరిచింది.

"అత్తా, ఆదివారం నేను రాయదుర్గం పోతా. హేమలతక్క వాళ్ల యూనిట్లో జీన్స్ కుట్టే పని ఉండాదంట. ఆయప్ప ఫోను నాకియ్యి."

తిప్పమ్మ చేతిలో చెంబు కింద పెట్టింది.

"పోతే పో. ఫోనెందుకు?"

"నాకంటూ ఏం మిగిలింది అత్తా? చొక్కాలన్నీ నీ పెట్టెలోనే ఉండాయి."

"వేరేది కొనుక్కో. అంగట్లో బోలెడుండాయి."

"అంగట్లో ఆయప్ప గొంతు అమ్ముతారా?"

"నా కొడుకు నాకాడే ఉంటాడు!" తిప్పమ్మ అరిచింది. "రోజూ నన్ను లేపుతాండాడు. వాణ్ణి గూడా మూట గట్టుకోని పోతావా?"

"లేపేది నిన్ను. పోయేది నేను. ఐదు నెలల నుంచి ఆ చీకట్లో ఎవరు పోతాండారు? ఒక్కనాడన్నా అడిగినావా?"

ఈశ్వరప్ప లోపలికి వెళ్లి, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆయన అంతే అనుకున్నారు ఇద్దరూ.

మధ్యాహ్నం తిప్పమ్మ పెట్టె తెరిచింది. చొక్కా మడత ఖాళీగా ఉంది. ఆమె చొక్కాను దులిపింది, పెట్టెనంతా బోర్లించింది. తర్వాత కోడలి ముందుకు వచ్చి నిలబడింది.

"యాడ దాచినావే నా కొడుకును?"

"నేను ముట్టలేదత్తా."

"ప్రమాణం జెయ్."

"చెయ్యను. నమ్మితే నమ్ము, లేకుంటే లేదు."

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ ఒకే ఇంట్లో చెరో మూల కూర్చున్నారు. ఫోను ఇంట్లో లేదని తెలిసినా, ప్రతి చిన్న చప్పుడుకూ ఇద్దరి చూపూ పెట్టెవైపే వెళ్లింది.

ఫోను ఆ వేళకు కళ్యాణదుర్గం బస్టాండు పక్కన తిప్పేషు అంగడిలో ఉంది. ఆరు నెలల కింద ఓబుళేసుకు దాన్ని అమ్మినవాడు తిప్పేషే. ఈశ్వరప్ప దాన్ని గాజు బల్ల మీద పెట్టాడు.

"ఇందులో ఉండే మాట ఇంకో ఫోన్లోకి పోతాదా అప్పా? ఇంట్లో ఇద్దరుండారు."

తిప్పేషు ఫోనును తిప్పి చూశాడు. మూత తీసి, బ్యాటరీని బయటికి లాగి, బల్ల మీద గిర్రున తిప్పాడు.

"ఉబ్బింది మామా. కొత్తప్పుడు నాలుగు దినాలొచ్చేది. మీవోడు ఈ ఒక్క ఫోను కోసం మూడుసార్లు తిరిగినాడు. అగ్గువది వద్దు, ఎక్కువది వద్దు, మధ్యరకం చూపియ్యి అని నా ప్రాణం తీసినాడు. దీని స్పీకరు గట్టి. ఆఫ్ చేసినా అలారం కొడతాది, అది చూసే తీసుకున్నాడు. కెమెరా దండగ. రికార్డింగు ఒక నిమిషమే పడతాది. దానికి తోడు, దీంట్లోంచి దేన్నీ బయటికి తీసే దారి లేదు. ఉన్నన్నాళ్లు ఇందులోనే వినాల."

"పాడైతే?"

తిప్పేషు వేరే బ్యాటరీ వేసి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు. బ్యాటరీ తీసినప్పుడు ఫోన్లో గడియారం తప్పిందన్న సంగతి ఇద్దరికీ తోచలేదు.

ఈశ్వరప్ప ఇంటికి చేరేసరికి పొద్దు గూకుతోంది. తిప్పమ్మ పొయ్యి దగ్గర సంగటి కెలుకుతోంది. ఆయన ఫోనును అరుగు మీద పెట్టాడు.

"నేనే తీస్కపోయినా. దాన్నేం అనొద్దు."

తిప్పమ్మ లేవబోయింది. సరిగ్గా అప్పుడే, ఎవరూ ముట్టకుండానే, నల్లగా ఉన్న తెర వెలిగింది.

"నాయనా, లెయ్. కరెంటొచ్చే టైమాయ."

వాకిట్లో మేక తల ఎత్తి చూసింది. ఆ పిలుపు చీకటితో తప్ప ఎన్నడూ వినపడలేదు. దీపం పెట్టే వేళ, వీధిలో మనుషులు నడుస్తుండగా, ఆ గొంతు వినేసరికి ఈశ్వరప్ప అరుగు మీద కూలబడ్డాడు.

తిప్పమ్మ చేతుల నిండా సంగటి పిండి.

"ఆపే! పద్మా, ఆపు! రోజూ ఒక్కసారి పిలవంగానే ఆపుతా నేను. పిల్లోడు ఎంతసేపని అరుస్తాడు, గొంతు నొస్తాది!"

పద్మజ ఫోనును చేతిలోకి తీసుకుంది. బటన్ మీద వేలు పెట్టింది. నొక్కలేదు.

"పద్మా!"

"ఉండత్తా. ఇంకా మాట్లాడతాండాడు."

నిజమే. ఓబుళేసు మాట్లాడుతున్నాడు.

"...ఊ. ఒక నిమిషం పడతాదన్నాడు తిప్పేషు, చూద్దాం. ఫోనైతే బాగుండాది. స్పీకరు సూపరు. ఫోటోలే దండగ. మాపటేల అమ్మను తీస్తే దయ్యం మాదిరి వచ్చె. అమ్మకు చెప్పొద్దప్పో." చిన్న నవ్వు. వెనకాల మోటరు హోరు. "పద్మ రోజూ స్టార్టరు కాడికి పోతాంది. చీకటంటే దానికి భయం, చెప్పదు. నాకు తెలీదనుకుంటాది. అందుకే ఇది నాయన తలకాడ పెడతా. నాయనా, నువ్వు లేస్తే సాలు. పద్మా, నువ్వు పండుకో. పొద్దెక్కినాక లెయ్. అమ్మా, నువ్వు గూడా..."

నిమిషం అయిపోయింది. మళ్లీ మొదటి నుంచి, "నాయనా, లెయ్" అంది ఫోను.

చావుకు పద్దెనిమిది రోజుల ముందు అతను ఆ మాటలు రికార్డు చేశాడు. ఉన్నప్పుడు మొదటి పిలుపుకే తండ్రి లేచి ఆపేవాడు. పోయాక తల్లి ఆపింది.

సంగటి అడుగంటిన వాసన వచ్చింది. ఎవరూ పొయ్యివైపు కదల్లేదు.

"నూటయాభై దినాలు," అంది తిప్పమ్మ నెమ్మదిగా. "వాడు పండుకోమన్నదాన్ని నేను లేపి పంపిస్తి. వాని నోరు మూసి పంపిస్తి."

పద్మజ వచ్చి ఆమె పిండి చేతులు పట్టుకుంది. అత్త ఆమె భుజం మీద తల పెట్టి, ఐదు నెలల్లో మొదటిసారి గట్టిగా ఏడ్చింది.

"నాకేం చెప్పబోయినాడే?"

"నిన్ను గూడా పండుకోమనే అత్తా. ఇంకేముంటాది."

ఆ రాత్రి పద్మజ ఫోన్లో గడియారం సరిచేసింది. మరునాడు అది వేళకే పిలిచింది. ఈశ్వరప్ప లేచాడు. టార్చి తీసుకుని, తలుపు చేరవేసి వెళ్లాడు. ఇద్దరు ఆడవాళ్లూ పక్కపక్కన పడుకుని మాటలన్నీ చివరిదాకా విన్నారు. దూరంగా మోటరు మొదలైంది. ఫోన్లోని హోరూ, తోటలోని హోరూ కలిసిపోయాయి. ఏది ఏదో తెలియలేదు.

ఆదివారం బస్సు దగ్గర తిప్పమ్మ కొంగు ముడి విప్పి ఫోను తీసింది.

"నీకోసరం చెప్పిన మాటిది. నువ్వే పెట్టుకో. మధ్యలో మాత్రం ఆపొద్దు."

"నీకెట్లత్తా?"

"ఎక్కు, ఎక్కు. కండక్టరు తిడతాండాడు."

సోమవారం ఐదు కావడానికి పది నిమిషాలుండగా తిప్పమ్మకు మెలకువ వచ్చింది. ఎవరూ పిలవలేదు. ఈశ్వరప్ప అప్పటికే కూర్చుని చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"రోంతసేపు ఉండు," అంది.

ఖాళీ పెట్టె మీద చెయ్యి వేసి ఆమె ఒక నిమిషం కదలకుండా కూర్చుంది. రాయదుర్గంలో వాడు చెప్పేది పూర్తి కావాలి. తర్వాత ఆయన చెయ్యి వదిలి, కొడుకు చెప్పినట్టే, మళ్లీ పడుకుంది.