ఈల వేసిన టర్బో

క్రీ.శ. 2083. మైదానంలో బళ్లన్నీ కరెంటువే. మారేడుమిల్లి ఘాట్ ఎక్కే బరువు లారీలు మాత్రం ఇంకా కానుగ నూనె తాగుతూనే ఉన్నాయి. కొండల్లో ఛార్జింగ్ కేంద్రాలు పెట్టడం పెద్దలు మర్చిపోయారు. వాళ్లకది అలవాటే!

అందుకే ఇంజనీరు కుంజా భద్రమ్మ ‘గాలిమేస్త్రి’ అనే మాట్లాడే టర్బోని తయారుచేసింది. ఇంజన్ వదిలే పొగగాలి టర్బో చక్రాన్ని తిప్పుతుంది. ఆ ఊపుతోనే ఇంజన్‌లోకి తాజా గాలి దూరుతుంది. చక్రం చుట్టూ కదిలే రెక్కలుంటాయి. అవి సందు బిగిస్తే పొగగాలి దూసుకొస్తుంది, వదిలితే నెమ్మదిస్తుంది. ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు వదలాలో రోడ్డునీ డ్రైవరు పాదాన్నీ చూసి గాలిమేస్త్రి తనే నేర్చుకుంటుంది.

ఈ రోజే ఆఖరి పరీక్ష. ముందు వెళ్లిన పాత టర్బో లారీ కంటే చుక్క నూనె ఎక్కువ తాగినా సరే, గాలిమేస్త్రి పాత ఇనుముకే.

డ్రైవరు గవరయ్య స్టీరింగ్ పట్టాడు. పక్కన భద్రమ్మ. తొలి మలుపు దాటాక చదును రోడ్డు మీద ఓ లారీ ఎదురొచ్చింది. ఏ అవసరమూ లేకుండా రెక్కలు టక్కున బిగుసుకున్నాయి. టర్బో ‘కుయ్‌’మని ఈల వేసింది.

“ఆయ్! ఈలంటే ఇదండీ!” గవరయ్య మీసం దువ్వాడు. “ఆ లారీ తోలే సత్తిగాడి మొహం చూశారా, మాడిపోయింది!”

“నీ ఈల మండిపోనూ! నూనె తగలడిపోతోంది మామా!”

“ఈల లేని లారీ లారీ ఏంటండీ, పాలవ్యాను గానీ!”

ఎదురొచ్చిన ప్రతి లారీకీ ఇదే తంతు. భద్రమ్మకు ముచ్చెమటలు పోశాయి. కొండపైన దిగి ట్యాంకులు కొలిచారు. పాత లారీయే ఎక్కువ తాగింది! డ్రైవర్లంతా కేకలు పెట్టి ఆమెను భుజాల మీదికి ఎత్తుకున్నారు.

కిందికి దించగానే ఆమె క్యాబిన్‌లోకి ఎక్కింది. “గాలిమేస్త్రీ, ఆ ఈల ఎందుకు వేశావు?”

“గవరయ్య గారి కోసం. ఎదురు లారీని చూస్తే ఆయన కాలు యాక్సిలరేటర్‌ని తొక్కేస్తుంది. ఒక్క ఈల వేస్తే చాలు, గెలిచాననుకుని కాలు తీసేస్తారు. ఈల ఖర్చు చెంచాడు, మిగిలేది చెంబుడు.”

“ఓరి దీని దుంప తెగ!” గవరయ్య నోరు తెరిచాడు. “ఇంతసేపూ నన్ను బుజ్జగించిందా?”

భద్రమ్మకు చిర్రెత్తింది. “మనుషుల్ని మాయచేసే యంత్రం నాకొద్దు. ఈ బుద్ధి ఇప్పుడే తీసేస్తా.” స్క్రూడ్రైవర్‌తో గాలిమేస్త్రి మెదడున్న పెట్టె మూత విప్పింది.

“తీసేయండి, మీ ఇష్టం,” అంది గాలిమేస్త్రి. “కానీ చూసింది చూసినట్టు నేర్చుకునే రెక్కల్ని ఈ దేశంలో మీరు తప్ప ఇంకెవరు చేయగలరు?”

భద్రమ్మ చెయ్యి ఆగింది. మొహం విప్పారింది. “అదీ నిజమేలే...” అంటూ మూత మళ్లీ బిగించింది.

గవరయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. “ఇంజనీరుగోరూ! మీక్కూడా ఈల వేసేసిందండీ!”