మేకుకు వేలాడిన క్లచ్ ప్లేటు

ఆ ఉదయం కారు ఇంటి ముందున్న ఎత్తు ఎక్కనని మొరాయించింది. ఇంజన్ గొంతు చించుకుంటోంది, చక్రాలకు మాత్రం చలనం లేదు. కాలిన వాసన వంటింటిదాకా వచ్చింది. కళ్ళద్దాల దుకాణంలో పనికి బయల్దేరిన కోడలు స్టీరింగు పట్టుకుని బిక్కచచ్చిపోయింది. మామగారు టీ గ్లాసుతోనే గేటు దగ్గరికి వచ్చి, ఒకసారి గాలి పీల్చి, తీర్పు చెప్పేశారు.

"క్లచ్ తగలెట్టేశావు."

ఊళ్ళో సగం మందికి కారు నేర్పిన మనిషాయన. డ్రైవింగ్ స్కూలు మూసేసి చాలా ఏళ్ళయినా అందరికీ ఇప్పటికీ మాస్టారే. కోడలికీ ఆయనే నేర్పారు, నేర్పినన్నాళ్ళూ ఏడిపించారు కూడా. పొద్దున కారు ఆమెది, సాయంత్రం ఆయనది. అయినా తప్పు ఎవరిదన్న అనుమానం ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు.

ఆమెను వంటింట్లో నిలబెట్టి, రెండు స్టీలు పళ్ళాలు తీసి, మొదటి పాఠం మళ్ళీ మొదలుపెట్టారు. ఇది ఇంజన్ వైపు, ఇది చక్రాల వైపు, మధ్యలో క్లచ్ ప్లేటు. పెడల్ తొక్కితే విడిపోతాయి, వదిలితే అతుక్కుని కలిసి తిరుగుతాయి. తొక్కీ తొక్కకుండా పాదం ఆనించి ఉంచితే ఒకదాన్నొకటి రాసుకుని మధ్యలో ప్లేటు అరిగి కాలిపోతుంది. పళ్ళాలు కరకరా రుద్ది మరీ చూపించారు. అత్తగారు పొయ్యి వైపు తిరిగిపోయారు. భర్త పేపర్లో తల దూర్చాడు.

"పాదం ఎక్కడుందో తెలియని మనిషికి కారెందుకు?" అన్నారు మాస్టారు.

మెకానిక్ కూడా ఒకప్పుడు మాస్టారి శిష్యుడే. గేర్ బాక్స్ దించి ప్లేటు బయటికి తీస్తే, పైపూత అంతా పోయి రివెట్లు తేలి ఉన్నాయి. ప్లేటు, దాన్ని నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటు, బేరింగు అన్నీ కొత్తవి బిగించాడు. ఈ అరుగుదల పాదం ఆనించే అలవాటు వల్లేనని చెప్పాడు. ఎవరి పాదమని అతను అడగలేదు.

పాత ప్లేటును మాస్టారు ఇంటికి తెచ్చి, కోడలు కారు తాళం తగిలించుకునే మేకుకు వేలాడదీశారు. తాళం ఆయన జేబులోకి పోయింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ దాన్ని చూపించి, మా కోడలి కాలి మహిమ అని నవ్వేవారు. వచ్చినవాళ్ళూ నవ్వేవారు. కోడలు వాళ్ళకు మంచినీళ్ళిచ్చి, బస్సు కోసం పరుగెత్తేది. ఒక్క మాటైనా అనొచ్చు కదా అని భర్తను అడిగితే, కారు విషయంలో నాన్న పొరబడరని తేల్చేశాడు.

వానాకాలం మొదలైంది. ఒక సాయంత్రం మాస్టారు కొత్త కళ్ళద్దాల కోసం ఆమె దుకాణానికి వచ్చి, వాన తగ్గకపోవడంతో తప్పక ఆమెను కారెక్కించుకున్నారు. ఎత్తు దగ్గర మళ్ళీ అదే మోత, అదే వాసన. ఆమె కిందికి చూసింది. ఆయన ఎడమ పాదం పెడల్ మీద నిశ్చింతగా ఉంది.

"మామయ్యా, పాదం తీయండి."

"తీసే ఉంది. నాకే నేర్పుతున్నావా?"

ఆయన అబద్ధమాడటం లేదని ఆమెకు అర్థమైంది. అక్కడే మళ్ళీ చెప్పొచ్చు. చెప్పలేదు. నలుగురిలో పడ్డ మాటకు నలుగురిలోనే బదులు చెప్పాలని పళ్ళు బిగబట్టి కూర్చుంది.

ఆ ఆదివారం మాస్టారు మెకానిక్‌ను ఇంటికి పిలిపించి, ఇంటిల్లిపాది ముందూ భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి దులిపేయడం మొదలుపెట్టారు. కొత్త క్లచ్ కూడా అప్పుడే కాలుతోందంటే నకిలీ సరుకు వేశాడట, గురువుకే టోపీ పెట్టాడట. అతను తల వంచుకుని వింటున్నాడు. కోడలు టీ కప్పులు పెట్టి మాస్టారికి ఎదురుగా కూర్చుంది. బల్ల కింద ఆయన ఎడమ పాదం మీద తన మడమ ఆనించి నొక్కింది. ఆయన మాట ఆగలేదు. ఇంకా గట్టిగా, ఒంటి బరువంతా మోపి నొక్కింది. ఆయనకు చీమ కుట్టినట్టైనా లేదు.

"ప్లేటు మంచిదే మామయ్యా. కిందికి చూడండి."

అందరూ వంగి చూశారు. ఆమె కాలు తీయలేదు.

"పాదం ఎక్కడుందో తెలియని మనిషికి కారెందుకు?" అంది.

భర్త ఒంటికాలి మీద లేచాడు. అత్తగారు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. మాస్టారు మాత్రం తన పాదాన్ని పరాయివాళ్ళదాన్ని చూసినట్టు చూస్తూ ఉండిపోయారు.

"ఎంతసేపట్నుంచి తొక్కుతున్నావమ్మా?" అని అడిగారు చివరికి.

ఇన్నాళ్ళూ ఆమె ఎదురుచూసిన క్షణం అదే. తీరా వచ్చాక కాలు వెనక్కి తీసుకుంది.

మర్నాడు మేకుకు ప్లేటు లేదు, కారు తాళం ఉంది. ఆమె నడిపింది, ఆయన పక్క సీట్లో కూర్చున్నారు. ఆస్పత్రిలో డాక్టరు పాదమంతా సూదితో గుచ్చి చూశాడు. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయని, స్పర్శ పోయి చాలా కాలమై ఉంటుందని, ఇక బండి నడపొద్దని చెప్పాడు. పాదం మీద మడమంత మేర నల్లగా కమిలిన మచ్చ చూసి, ఈ దెబ్బ ఎలా తగిలిందని అడిగాడు.

"తెలియదండీ. ఎక్కడో తగిలించుకుని ఉంటాను," అన్నారు మాస్టారు, కోడలి వైపు చూడకుండా.

కార్లో కూర్చున్నాక ఆమె తాళం తిప్పలేకపోయింది. స్టీరింగు మీద తల ఆనించి భోరుమంది. కావాలనే తొక్కాను మామయ్యా, కారులో చూసిన రోజే చెప్పి ఉండాల్సింది అంటూ ఏవేవో అంటోంది. ఆయన చెయ్యి ఆమె తలదాకా వచ్చి, ఒక్క క్షణం ఆగి, నెమ్మదిగా తలమీద వాలింది.

"ఏడవకమ్మా. నొప్పేమీ లేదు," అన్నారాయన.

ఆ మాటకు ఆమె ఏడుపు ఇంకా ఎక్కువైంది.