మూత పడని దుకాణాలు

మిట్టమధ్యాహ్నం... అయినా నడినెత్తిన మండవలసిన సూర్యుణ్ణి కాలమేఘాలు కబళించేశాయి! దిక్కులు దద్దరిల్లేలా ఉరిమింది. పగటిపూట కూయకూడని గుడ్లగూబ ఒకటి, పెంకులు విప్పిన ఆ పాత ఇంటి దూలం మీద వాలి కూసింది... ఆగింది... మళ్ళీ కూసింది!

సగం బాగుచేసిన ఇల్లది. ముందుగదుల గోడలు కొత్త సున్నంతో తెల్లగా మెరుస్తున్నాయి. తలుపుల వార్నిషు వాసన ఇంకా పోలేదు. వెనకగది ఒక్కటే, కుబుసం విడవని కృష్ణసర్పంలా, చీకటిని చుట్టుకుని పడుకుని ఉంది.

ఆ గదినిండా ఇంటాయన పాత వ్యాపారాలే. కొవ్వొత్తుల అచ్చులు... పూలతోట బొమ్మ వేసిన ఫోటో స్టూడియో తెర... తుప్పు పట్టిన అల్లిక యంత్రం... ఒక్క పిల్లనైనా బతికించని, గుడ్లు పొదిగే పెట్టె! ఏ ఒక్కటీ నిలదొక్కుకోలేదు. కానీ ఏనాడూ ఆయన నోట ‘మూసేశాను’ అన్న మాట రాలేదు. ఎవరడిగినా, “ప్రస్తుతానికి ఆపాను” అనేవాడు.

“మావాడి వ్యాపారాలకి పుట్టుకే గానీ చావు లేదమ్మా! అన్నీ చిరంజీవులే!” అని అత్తగారు నవ్వేది.

ఆ నవ్వు ఇప్పుడు లేదు. మరమ్మతుల కోసం వెనకగది తలుపు తెరిచిన రోజే, అప్పుడప్పుడే మాటలు నేర్చిన పాప, నిద్రలోంచి దిగ్గున లేచి కూర్చుంది. కళ్ళు తెరవకుండానే, ముసలి మగగొంతుతో అడిగింది.

“షాపు ఇంకా తియ్యలేదా...?”

తల్లి చేతిలోని పాలగ్లాసు జారి భళ్ళున పగిలింది! మర్నాడు మరో గొంతు... “నా ఫోటో ఎప్పుడిస్తారు?” తిరిగి తిరిగి విసిగిపోయిన ఖాతాదారుల గొంతులన్నీ ఆ పసికంఠంలో కాపురం పెట్టాయి. ఒక్కో పరాయిగొంతు దూరినకొద్దీ పాప సొంతమాట ఒక్కొక్కటీ రాలిపోయింది. ‘పాలు’ పోయింది... ‘తాత’ పోయింది... ఈ ఉదయం ‘అమ్మ’ కూడా పోయింది! డాక్టరు గొంతులోకి లైటు వేసి చూసి, లోపమేమీ లేదన్నాడు.

“మీకు దణ్ణం పెడతానండీ, ఆ గది ఖాళీ చేయించండి” అని తల్లి ఏడ్చింది.

“అవన్నీ పారేస్తే ఇక నేనేం మిగులుతానే?” అన్నాడు భర్త.

మిగలడం కోసం ఆయన ఒక మాంత్రికుణ్ణి తెచ్చాడు. చచ్చిన వ్యాపారాలకు ప్రాణం పోస్తాడట!

ఈవేళ పనివాళ్ళను రావద్దన్నారు. వంటింట్లో తల్లి ఒడిలో ఉన్న పాప ఉన్నట్టుండి లేచింది. ఎవరో వేలు పట్టుకుని నడిపిస్తున్నట్టు వెనకగది వైపు సాగిపోయింది. తల్లి ఒక్క ఉదుటున లేచింది. పరుగెత్తింది!

ఘోరం...! అల్లిక యంత్రం మీద కపాలం! చుట్టూ నల్లని మంటలతో కొవ్వొత్తులు! భస్మం పూసుకున్న మాంత్రికుడి నేత్రాలు నిప్పుకణికల్లా జ్వలిస్తున్నాయి. ఎదురుగా, తలవంచుకుని, భర్త!

“ఏమండీ! దీంట్లో పాపకేం పని?”

“అరవకు. ఆయన అడిగింది పాప మాటే. ప్రాణం కాదుగా!” భర్త తల ఎత్తలేదు. “వ్యాపారం లేచి నిలబడితే, ఇంత ఇంట్లో మాటలకేం కరువు?”

వెనకే వచ్చిన అత్తగారు గుమ్మం పట్టుకుని కూలబడింది. “ఓరి నీ ఆశ మండా! కన్నకూతురి గొంతు అమ్ముకున్నావట్రా!”

“నోరు మూసుకో ముసలీ!” మాంత్రికుడు గర్జించాడు. కపాలం దవడ కిర్రుమంటూ కదిలింది. పాప నోటినుంచి వందగొంతులు ఒక్కసారి లేచాయి!

“యజమాని ఎవరు...? యజమాని ఎవరు...?”

“నేనే!” అన్నాడు భర్త.

“కాదు...!”

కొవ్వొత్తులన్నీ ఒరిగిపోయాయి. మాంత్రికుడి ముఖం పాలిపోయింది. “కాదంటున్నాయేంట్రా?”

“అంటే... స్వామీ... నా పేరు కలిసిరావడం లేదని... కాగితాలన్నీ మా ఆవిడ పేరున పెట్టాను. ఉత్తినే! పేరుకే!”

తల్లికి నవ్వు వచ్చింది... కన్నీళ్ళకన్నా చేదైన నవ్వు! తడిచేతులతో ఉన్న తనని భర్త పొయ్యి దగ్గరినుంచి పిలిచి, “ఇక్కడ సంతకం పెట్టు” అనేవాడు. ఏం వ్యాపారమని అడిగితే, “ఎనిమిదో తరగతి చదువుకి నీకెందుకే అవన్నీ?” అనేవాడు. సంతకం పెట్టి, మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేది.

“నేనే యజమానిని” అంది. “వినండి! కొవ్వొత్తులు మూసేశాను!”

“వద్దు!” మాంత్రికుడు చేతులు చాచాడు. “ఆ మాట అనకు! యజమాని వదిలేస్తే ఈ గొంతుల ఆకలి పిలిచినవాడి మీదే పడుతుంది...!”

“అలాగా? అయితే ఫోటో స్టూడియో మూసేశాను! గుడ్లపెట్టె కూడా!”

పూలతోట తెర నిలువునా చిరిగింది. పాప ముక్కునుంచి, నోటినుంచి నల్లనిగాలి సుడులు తిరుగుతూ బయటికొచ్చింది. అప్పుడు భర్త వచ్చి భార్య కాళ్ళమీద పడ్డాడు.

“అల్లిక యంత్రం ఒక్కటి ఉంచవే! వచ్చే చలికాలానికి ఖాయంగా...”

“ఆ పట్టుకునేదేదో కూతురి కాళ్ళు పట్టుకోవాల్సింది” అందామె. “మూసేశాను!”

ఫెళఫెళమని పిడుగు! పెంకుల్లేని కప్పులోంచి దిగిన మెరుపులో, వందగొంతుల సుడిగాలి మాంత్రికుడి మీద విరుచుకుపడింది. “షాపు తియ్యలేదా...? నా ఫోటో ఏది...?” ఇప్పుడా అరుపులు అతని నోటినుంచే! అడిగినవాడూ అతడే... జవాబు లేనివాడూ అతడే! ఒళ్ళంతా అటూ ఇటూ లాగబడి, ఎండినకట్టెలా ముడుచుకుపోయి, ఆఖరి ఆర్తనాదంతో భగ్గుమన్నాడు. కపాలం వ్రయ్యలైంది. గుప్పెడు బూడిద... అంతే!

కుంభవృష్టి మొదలైంది.

“అమ్మా...”

తన గొంతే! పాప సొంతగొంతే! తల్లి బిడ్డను గుండెకు హత్తుకుని భోరుమంది. పక్కనే భర్త కూడా వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. పోనీలే, కన్నపేగు కదిలిందనుకుంది ఆమె. తిరిగి చూసింది.

ఆయన నేలమీద బోర్లాపడి, అల్లిక యంత్రంనుంచి రాలిన సూదులు ఏరుతున్నాడు. ఒక్కోదాన్ని చొక్కాకు తుడిచి జేబులో వేసుకుంటున్నాడు.

“నన్నొక్క మాటైనా అడక్కుండా మూసేశావు కదే...” అన్నాడు.

ఆమె చంకన పాప, పోయిన మాటలన్నీ ఒక్కొక్కటీ వెతుక్కుంటోంది. వాన... గోడ... తాత... పాలు... అడ్డూ ఆపూ లేకుండా చెబుతూనే ఉంది.

ఆయన తల ఎత్తి ఒక్కమాటైనా వినలేదు.