తెల్ల బీడ్ మీద నల్ల మచ్చ

"దొంగ!" అన్నాడతను.

అంత పెద్ద మాట అనాలనుకోలేదు. పొద్దుటి నుంచి తెరవని నోరు కదా, తెరిచేసరికి అదుపు తప్పింది.

ల్యాబ్‌లో ఎదుటి బల్లకి కొత్తగా వచ్చిన అమ్మాయి, చెయ్యి అతని బీకర్లో ఉండగానే తల తిప్పింది. ఆమె వేళ్ల మధ్య మాగ్నెటిక్ బీడ్ ఉంది. ఫ్లాస్కులో వేసి కింద మిషన్ ఆన్ చేస్తే గిరగిరా తిరుగుతూ లోపలున్నదంతా కలిపే తెల్లటి చిన్న ముక్క అది.

"ఒక్క బీడ్‌కి పోలీసుల్ని పిలుస్తారా ఏంటి?"

"అడిగి తీసుకోవచ్చుగా."

"అడుగుదామనే అనుకున్నా. మీకు మాటలొచ్చని ఎవరూ చెప్పలేదు మరి!"

ల్యాబ్ అంతా ఘొల్లుమంది. అక్కడ అతని పేరు 'సైలెన్సర్'. నిజానికి అతనికీ నవ్వొచ్చింది, కానీ పైకి నవ్వే అలవాటు తప్పి చాలాకాలమైంది.

మందుల తయారీలో రెండు అణువుల్ని అతికించడానికి అందరూ పల్లాడియం వాడతారు. అరుదైన లోహం, తవ్వి తియ్యడమంటే కొండల్ని పిండి చెయ్యడమే. ఆ పని ఎక్కడపడితే అక్కడ దొరికే ఇనుముతో చేయించాలని ఆమె పట్టుదల. అతనిది మాత్రం ఏళ్లుగా పల్లాడియం కొలువే.

ఆ వారంలోనే ఆమె రియాక్షన్ అదరగొట్టింది.

"సైలెన్సర్ గారూ, తొంభై శాతం అతుక్కుంది! ఇనుమండీ, ఇనుము! మీ పల్లాడియాన్ని ఇక మూటా ముల్లే సర్దుకోమనండి. ఇది నా లక్కీ బీడ్, తిరిగివ్వను."

నిజంగానే ఇవ్వలేదు. ప్రతి రియాక్షన్‌కీ అదే వాడింది. భోజనాల గదిలో రోజూ అతని ఎదురుగా కూర్చుని, అడక్కుండానే అతని డబ్బాలో చెంచా పెట్టేది. వాన పడితే కిటికీ తీసి, అతని కాగితాలు తడిపి, సారీ అనకుండా నవ్వేది. రాత్రి అతను అద్దెగదికి వెళ్లి తాళం తీస్తే, పొద్దున వదిలిన కప్పు వదిలిన చోటే ఉండేది. ఆ నవ్వు గుర్తుంటే గది కాస్త ఓర్చుకోదగ్గట్టు కనిపించేది.

"ఇవాళైనా ఎవరితోనైనా మాట్లాడావురా?" ఫోన్లో అక్క రోజూ అడిగే ప్రశ్న.

"మాట్లాడా అక్కా."

అక్క సంబరపడిపోయింది.

ఒక మధ్యాహ్నం ఆమె బీడ్ కడుగుతుంటే అతని చూపు దాని మీద పడింది. తెల్లటి పూత చివర ఆవగింజంత నల్ల మచ్చ. అతను వెంటనే గుర్తుపట్టాడు. అది తన పల్లాడియం. పాత బీడ్ పూత పగుళ్లలో ఇరుక్కుంటే ఎంత తోమినా పోదు, ఆ కాస్తే రియాక్షన్ మొత్తం నడిపించేస్తుంది. ఇన్నాళ్లూ ఇనుము ఊరికే కూర్చుందేమో!

చెబితే ఎదుటి కుర్చీ ఖాళీ అవుతుంది. చెప్పకపోతే సోమవారం ఆమె గైడ్ మేడం ముందు ఆ ఫలితం చూపిస్తుంది.

"ఏంటి, మళ్లీ మూగనోమా?" అందామె భోజనాల దగ్గర.

"కొత్త బీడ్‌తో ఒకసారి చేసి చూడండి," అని, మచ్చ సంగతి చెప్పాడు.

ఆమె ముఖం మాడిపోయింది. "అంటే ఈ గొప్ప కూడా మీదేనన్నమాట! పోటీ వచ్చిందని ఓర్వలేకపోతున్నారు. సరే, చేస్తా. చూస్తూ ఉండండి."

చూశాడు. కొత్త బీడ్ సాయంత్రం దాకా తిరిగినా ఏమీ రాలేదు. ఆమె ఫ్లాస్కు కడిగి బోర్లించి, అతని వైపు చూడకుండా వెళ్లిపోయింది.

ఆ తర్వాత భోజనాల గదిలో అతనికి తన చెంచా చప్పుడే వినపడేది. ఒంటరితనం అతనికి కొత్త కాదు, కానీ తోడు రుచి తెలిశాక పాత అలవాటు పనికిరాకుండా పోయింది. అక్క అడిగితే "మాట్లాడా" అని అబద్ధమాడాడు.

సోమవారం మీటింగ్‌లో ఆమె లేచి నిలబడింది.

"నా ఫలితం తప్పు మేడం. పనిచేసింది ఇనుము కాదు, బీడ్‌లో ఇరుక్కున్న పల్లాడియం. కనిపెట్టింది ఈయన."

"పేపర్ అచ్చయ్యాక బయటపడుంటే పరువు పోయేది. మళ్లీ మొదలుపెట్టమ్మా," అంది మేడం.

మీటింగ్ అయ్యాక వరండాలో ఆమె ఒక్కతే వాన చూస్తూ నిలబడింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. అతను వెళ్లి పక్కన నిలబడ్డాడు.

"నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదుగా," అందామె.

"నాకు తెలిసేది. అది కడుపులో పెట్టుకుని మీతో నవ్వుతూ కూర్చుంటే, మీరు ఎదురుగా ఉన్నా నేను ఒంటరివాణ్ణే."

"నేను మాట్లాడ్డం మానేస్తానని తెలిసే చెప్పారా?"

"తెలిసే. మీరంటే ఇష్టం నాకు. మీ రియాక్షన్ వచ్చినా రాకపోయినా."

ఆమె అతన్ని తేరిపార చూసింది. "ఇనుముతో ఏళ్లు పట్టొచ్చు. అసలు కుదరకపోవచ్చు కూడా. నాకు చిరాకొస్తే ఎవరిమీద పడితే వాళ్ల మీద అరుస్తా."

"అరవండి. పక్కనే ఉంటాను."

వాన జోరు పెరిగింది. ఆమె గొంతు బాగా తగ్గింది.

"నాకూ ఇక్కడ ఎవరూ లేరు. గదికి వెళితే మాట్లాడే దిక్కుండదు. అందుకే పొద్దస్తమానం ఇక్కడ అంత వాగుతాను."

ఇన్నాళ్లూ ఆ నవ్వు చూసి బతికిన అతనికి ఈ సంగతి ఒక్కసారీ తట్టలేదు.