గొంతు దాటని పేరు

వృద్ధాశ్రమం తలుపు ముందు నిలబడి లెలిసే "వచ్చాను" అంది. ఆమె మెడకున్న పలుకుపట్టీని గుర్తుపట్టి తలుపు పక్కకు జరిగింది. కొత్త భీమిలిలో ఏ తలుపైనా అంతే, పట్టీని చూసి తెరుచుకుంటుంది తప్ప మనిషిని చూసి కాదు. ఆమె చేతిలో గిన్నె ఇంకా వెచ్చగానే ఉంది. బార్లీ పిండిని సంకటిలా గట్టిగా ఉడికించి, మధ్యలో గుంట చేసి, కాచిన వెన్న పోసి తెచ్చింది. తల్లికి చిన్నప్పటి నుంచీ అదంటే ప్రాణం.

"మీ యమ్మ నిన్నటి నుంచీ మెతుకు ముట్నేదమ్మా," అంటూ ఆయా సన్యాసమ్మ ఎదురొచ్చింది. "రేపు ముక్కులోంచి గొట్టం ఏస్తారట. పీకేసుకుంటాదని సేతులు మంచానికి కట్టీమన్నారు డాక్టరు గారు. ముసిలిదాని సేతులు నానెలా కడతానమ్మా?"

లెలిసే గిన్నె గట్టిగా పట్టుకుని ఆమె వెంట నడిచింది.

పలుకుపట్టీ ఆమె పుట్టకముందే వచ్చింది. మెడకు పట్టీ, చెవిలో గింజ. గొంతులో పుట్టిన మాటను పట్టీ అక్కడే అణిచేసి, వినేవాళ్ళ చెవిగింజకు వాళ్ళ భాషలో అందిస్తుంది. భాష రాక బిక్కమొహం వేయాల్సిన అవసరం ఎవరికీ లేకుండా పోయింది. అక్కడితో ఆగి ఉంటే దానికి చేతులెత్తి దండం పెట్టవచ్చు. కానీ లోకమంతా అల్లర్లు చెలరేగిన రోజుల్లో పెద్దలకు మరో ఆలోచన తట్టింది. జాతి పేరూ, తెగ పేరూ, కులం పేరూ నోటి నుంచి బయటికే రాకపోతే కొట్టుకోవడానికి ఏముంటుందని! ఆ పేర్లను పుస్తకాల్లోంచి తీసేశారు. మాటల్లో అవి వచ్చిన చోట పట్టీ చిన్న నిశ్శబ్దం పెట్టసాగింది. సన్యాసమ్మలాంటి వాళ్ళు సంతోషించారు కూడా. ఏ పేరు పెట్టి ఆమె తాతను గుమ్మం బయట నిలబెట్టేవారో, ఆ పేరు ఆమె చెవిన పడకుండానే జీవితం గడిచింది. ఆమెను తప్పు పట్టలేం.

లెలిసే తల్లి అయ్యాంతూ సంగతి వేరు. తూర్పు ఆఫ్రికా మెట్టసీమ నుంచి సముద్రపు గోడ కట్టే పనికి భర్తతో ఇక్కడికి వచ్చింది. అతను పోయాక కూతురొక్కతే మిగిలింది. పూర్వం బయటివాళ్ళు తమ జాతికి వాళ్ళే ఒక పేరు అంటగట్టి, దాన్ని తిట్టులా వాడేవారని ఆమె కూతురికి ఎన్నోసార్లు చెప్పింది. అది కాదు, మా పేరు ఇదీ అని తరాల తరబడి పట్టుబట్టి నిలబెట్టుకున్నామని చెప్పేది. ఆ "ఇదీ" దగ్గరే ప్రతిసారీ నిశ్శబ్దం. రాసి చూపిద్దామంటే ఆమెకు చదువు రాదు. పట్టీ కోసుకుని చెబుదామంటే బిడ్డను లాక్కుపోతారని భయం. తర్వాత కూతురు ఉద్యోగంలో పడింది, తల్లికి మతిమరుపు ముదిరింది.

గదిలో అయ్యాంతూ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. గిన్నె వైపు ఆశగా చూసి, వెంటనే మొహం తిప్పుకుంది.

"ఎవరు నువ్వు?"

"లెలిసేని అమ్మా. నీ కూతుర్ని."

"పేరు ఎవరైనా చెబుతారు. ఎవరి మనిషివి?"

"మనవాళ్ళ మనిషినే."

"మనవాళ్ళంటే ఎవరు? చెప్పు. చెప్పనివాళ్ళ చేతి తిండి నేను తినను."

అన్నీ మరిచిపోయిన ఆ తలలో ఈ ఒక్క ప్రశ్నే మిగిలింది. లెలిసేకు ఏడుపు ముంచుకొచ్చింది. మెడకున్న పట్టీని పట్టుకుని గుంజింది. అది ఊడదని తెలిసి, సన్యాసమ్మ వైపు తిరిగింది.

"పిన్నీ, పోయినవాళ్ళ మెడలో పట్టీ కోసే కత్తెర నీ దగ్గరుంటుంది కదా?"

సన్యాసమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "నీకేటి మతోయిందా? పట్టీ నేని మనిసున్న గది తలుపు తెరుసుకోదు. సర్కారోళ్ళొచ్చీదాకా లోపలే ఉండిపోవాల. ఆ తరవాత నిన్నెక్కడికట్టుకుపోతారో, మీ యమ్మని మళ్ళీ సూణ్ణిస్తారో నేదో!"

"రేపు చేతులు కట్టేస్తే చూస్తూ ఊరుకోమంటావా?"

"ఆ పేరు నీకు తెలుసా మరి?"

"సొంతవాళ్ళ పేరు తెలియకుండా ఉంటుందా పిన్నీ? నాకు పట్టీ తొడిగేలోపు అమ్మ ఎన్నిసార్లు అని ఉంటుందో. అడ్డం తీసేస్తే అదే వస్తుంది."

నిజంగానే నమ్మింది. పట్టీ మూసింది నోటినే, చెవిని కాదు అనుకుంది పాపం.

సన్యాసమ్మ మంచం మీది ముసలామె చేతుల వైపు చూసి, నడుముకున్న కత్తెర తీసింది. ముందు తల్లిది, తర్వాత కూతురిది కోసింది. ఇద్దరి చెవుల్లోంచీ గింజలు తీసేసింది. తలుపు గట్టిగా బిగుసుకున్న చప్పుడైంది. "నానూ ఈడే కూకుంటాను," అంటూ ఆమె ఓ మూల చతికిలబడింది.

అయ్యాంతూ మెడ తడుముకుంది. తన గొంతు తనకే కొత్తగా ఉన్నట్టు ఒకసారి దగ్గి, తమ ఇంటి భాషలో అడిగింది. "ఎవరి మనిషివి?"

లెలిసే నోరు తెరిచింది. ఏమీ రాలేదు. ఊపిరి బిగబట్టి మళ్ళీ ప్రయత్నించింది. తల్లి చెప్పిన కథలన్నీ గుర్తొచ్చాయి, వాటిలోని నిశ్శబ్దాలతో సహా. పేరు ఉండాల్సిన చోట ఆ నిశ్శబ్దమే ఉంది. గొంతుకు ఇప్పుడు ఏ అడ్డూ లేదు, చెప్పడానికే ఏమీ లేదు. ఇన్నేళ్ళూ తనను బంధించిన గది పట్టీలో కాదు, తన లోపలే ఉందని ఆమెకు అప్పుడు తెలిసింది.

"నువ్వే చెప్పమ్మా. ఒక్కసారి."

"నేను చెబితే తిరిగి అనడం ఎంతసేపు? వచ్చినవాళ్ళే చెప్పాలి."

లెలిసే మంచం కోడు పట్టుకుని కూలబడింది. గిన్నెలో వెన్న పేరుకుంటోంది. తనకు తెలిసి ఉంటే ఈపాటికి అమ్మ సగం తినేసి ఉండేది. ఆ మాట తలుచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

కాసేపటికి అయ్యాంతూ చెయ్యి ఆమె తల మీద పడింది.

"ఏడవకు. నీకెవరూ చెప్పలేదా?"

లెలిసే లేదన్నట్టు తల ఊపింది.

"తల్లి లేదా?"

"ఉంది."

"ఉండి కూడా చెప్పలేదా? ఎలాంటి తల్లి ఆమె!" ముసలామెకు కోపం వచ్చింది. తర్వాత ఆ కోపం జాలిగా మారింది. "పోనీలే. మాలో దిక్కులేని బిడ్డను కూడా కడుపున పుట్టినట్టే చేసుకుంటాం. కానీ చాటుగా కాదు, నలుగురి ముందు పేరు పలికి చేసుకోవాలి." మూలనున్న సన్యాసమ్మను చూపించి, "ఆమె సాక్షి. లేచి నిలబడమను" అంది.

పట్టీ లేకుండా పలికిన ఆ భాష సన్యాసమ్మకు అర్థం కాలేదు. అయినా వేలు తన వైపు తిరగగానే లేచి, కొంగు సర్దుకుని నిలబడింది.

అయ్యాంతూ వేలితో వెన్న తీసి లెలిసే నడినెత్తిన రాసింది. "ఈ రోజు నుంచి ఈ పిల్ల నాది. నా ఇల్లు దాని ఇల్లు. నావాళ్ళు దానివాళ్ళు. ఇది ఒరోమో."

"ఒరోమో," అంది లెలిసే. మళ్ళీ అంది. మూడు చిన్న చప్పుళ్ళు. ఆ పేరు ఇంత చిన్నదా అనిపించి ఆమెకు దుఃఖం ఆగలేదు.

బయట వసారాలో పరుగెత్తుకొస్తున్న అడుగులు వినిపించాయి. ఎవరో తలుపు మీద బాదుతున్నారు. అయ్యాంతూ అదేమీ పట్టించుకోకుండా గిన్నె వైపు చూసి నోరు తెరిచింది. లెలిసే ఒక ముద్ద పెట్టింది. ముసలామె నెమ్మదిగా నమిలి మింగింది. రెండో ముద్దా తింది.

"నాకు ఇంకో కూతురుంది," అంది నములుతూనే. "లెలిసే అని, నీకంటే పెద్దది. సాయంత్రం వస్తుంది. దానికి ఈ పేరు నేను చెప్పలేకపోయాను తల్లీ. నువ్వు చెబుతావు కదూ?"

"చెబుతానమ్మా," అని లెలిసే మూడో ముద్ద కలిపింది.